పదహారు మిగిలిందండీ

ధాన్యం ధర పడిపోయి, దానికన్నా అడుగుకి బి.ఏ.ల ధర పడిపోయిన రోజులవి. ఇప్పటి కుర్రాళ్ళకి ఉద్యోగం దొరక్కపోతే గవర్నమెంటుని తిట్టుకునే సౌకర్యం ఉంది. మాకు అదీ లేదు. అప్పటి గవర్నమెంటుని తిడితే జైల్లో పెట్టేవారు. (అలా వెళ్ళొచ్చినవాళ్ళకి తరవాత బాగానే గడిచింది. ఆ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.) నేను బందరులో లెక్కలు ముఖ్యపాఠంగా బి.ఏ. గట్టెక్కి, ట్రంకుపెట్టెతో కొల్లేటి ఒడ్డున మా ఊరు చేరి, వీధరుగు మీద కూర్చున్నాను. ఒక పూటా రెండు పూటలా కాదు, ఏడాది దాటిపోయింది. మొదట్లో దారినపోయేవాళ్ళు "బి.ఏ. గారు బావున్నారా అండీ?" అని గౌరవంగా పలకరించేవారు. తరవాత తరవాత "ఇంకా ఇక్కడే ఉన్నారా అండీ?" అనడం మొదలుపెట్టారు. గౌరవం తగ్గలేదు, అండీ అలాగే ఉంది. మా వైపు మనిషిని ఎంత మాటైనా అంటారు గాని, చివర అండీ మాత్రం తగిలించకుండా ఉండరు.

ఆ అరుగు మీద నాకు కాలక్షేపం సంపూర్ణ వర్గాలు. ఒక సంఖ్యని దానితోనే హెచ్చిస్తే వచ్చేది వర్గం. మూడు మూళ్ళు తొమ్మిది, పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, అలాగన్నమాట. ఈ వర్గాలకి కొన్ని లక్షణాలున్నాయి. వాటి చివర రెండు గాని, మూడు గాని, ఏడు గాని, ఎనిమిది గాని ఉండవు. చివర ఆరు ఉంటే దాని ముందు బేసి అంకె ఉండి తీరాలి. అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకెకి దింపితే ఒకటో, నాలుగో, ఏడో, తొమ్మిదో రావాలి. ఈ మూడు పరీక్షలూ చేతిలో పెట్టుకుని, పెళ్ళిళ్ళ పేరయ్య జాతకాలు చూసినట్టు నేను కనబడ్డ ప్రతి సంఖ్యనీ పట్టుకుని చూసేవాణ్ణి. రైలు టిక్కెట్లు, బస్సుల నంబర్లు, కరణం గారి సర్వే నంబర్లు, ఏదీ వదల్లేదు. ఒకనాడు గాదెలో బస్తాలు లెక్కపెట్టించి, "నాన్నగారూ, మన బస్తాలు సంపూర్ణ వర్గం కావండీ" అన్నాను. ఆయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. "అయితే ఎలకలు తినవంటావా?" అన్నారు.

మా నాన్నగారిది ఎక్కువ మాట్లాడే స్వభావం కాదు. ఒకరోజు చెంబు కింద పెట్టి, చెప్పదలుచుకున్నది ఒకేసారి చెప్పేశారు. వచ్చే సంక్రాంతిలోగా నాకు ఉద్యోగం దొరక్కపోతే, కొల్లేట్లో మాకున్న పల్లపు పొలానికి దాళ్వా నాట్లు, అంటే రెండో పంటవి, నేనే దగ్గరుండి వేయించాలి. దగ్గరుండి అంటే గట్టు మీద గొడుగేసుకుని కాదు, లోపల మోకాలిలోతు నీళ్ళలో. నాకు పులి అన్నా, పోలీసన్నా భయం లేదు. జలగ అంటే మాత్రం ప్రాణం పోతుంది. కొల్లేట్లో జలగలు లేని చోటు వెతకడం కన్నా బి.ఏ.కి ఉద్యోగం వెతకడమే సులువు. కాబట్టి, తాడేపల్లిగూడెంలో కొత్తగా పెడుతున్న హైస్కూలుకి లెక్కల మేష్టారు కావాలని తెలిసినప్పుడు నేను అక్షరాలా కాళ్ళు కాపాడుకోవడానికే దరఖాస్తు పెట్టాను. ఇంకో కోరిక కూడా ఉండేదని ఒప్పుకుంటాను. ఎవరైనా నన్ను "మేష్టారూ" అని పిలిస్తే వినాలని ఉండేది.

ఆ హైస్కూలు కమిటీకి అధ్యక్షులు ఒక రైసుమిల్లు యజమాని. ఊరంతా ఆయన్ని వెనకాల పదహార్ల కామందు గారు అనేవారు. శుభమాని ఇచ్చేది ఏదైనా సున్నాతో ముగియకూడదు, నూరు ఇచ్చేచోట నూట పదహారు ఇవ్వాలి అన్నది మనందరికీ ఉన్న ఆచారమే. కామందు గారికి అది ఆచారం కాదు, ఊపిరి. ఆయన మిల్లుకి పదహారు మెట్లు. (పదిహేనో మెట్టు దగ్గరే మేడ అందేసింది, పదహారోది గాల్లోకి ఉండేది. రాత్రిపూట గుమాస్తాలు జాగ్రత్తగా దిగేవారు.) ఏ సున్నా కనబడ్డా ఆయన ఊరుకునేవారు కాదు. మనవడికి పరీక్షలో నూటికి నూరు వస్తే, "ఇంకో పదహారు వెయ్యడానికేం వచ్చిందండీ మీకు?" అని ఆ బడి హెడ్మాస్టరుకి కబురు పంపారని చెప్పుకునేవారు. నేనైతే నమ్ముతాను.

మేష్టారి ఎంపిక కూడా ఆయన తన పద్ధతిలోనే చేశారు. మిల్లుకి ధాన్యం వస్తే ఆయన బస్తా మీద రాసిందేమిటో చూసేవారు కాదు. గుప్పెడు గింజలు తీసి, అరిచేతిలో నలిపి, ఊక ఊదేసి, ఒక గింజ పంటికింద పెట్టి కొరికి, అప్పుడు గాని మాట్లాడేవారు కాదు. "డిగ్రీ కాయితం ఎవడైనా తెస్తాడండీ. నా కళ్ళెదుట లెక్క చెయ్యమనండి" అన్నారట కమిటీలో. బి.ఏ.ని కొరికి చూడడం కుదరదు కాబట్టి, మిల్లు ముంగిట్లో సభ పెట్టి, పెద్ద సంఖ్య ఒకటిచ్చి, దాని వర్గమూలం అందరి ముందూ తియ్యమనాలని తీర్మానించారు. వర్గమూలమే ఎందుకంటే, అంతకు ముందు ఏలూరులో ఎవరో గణితావధానం చేస్తుంటే ఆయన చూశారు. అందులో ఆయనకి అర్థం కానిది అదొక్కటే, కాబట్టి అదే గొప్పదని నిర్ణయించుకున్నారు. ఆ పెద్ద సంఖ్యని తయారుచేసి ఇవ్వడానికి ఏలూరులో రిటైరైన ఒక లెక్కల మేష్టారిని కుదిర్చారు. సభలో ఆయనకి శాలువా కప్పుతారు.

నేను మా ఊరినుంచి తాటిదోనె మీద గట్టు చేరి, గణపవరం దాకా నడిచి, అక్కణ్ణించి ఒంటెద్దు బండి పట్టుకుని గూడెం చేరాను. అప్పటికి పోటీలో ఇద్దరమే మిగిలాం. తక్కినవాళ్ళకి, అందరి ముందూ చెయ్యాలనగానే జ్వరం వచ్చేసింది. నాతోపాటు ఉన్నాయన నాకన్నా రెండుమూడేళ్ళు పెద్ద. ఆయన పేరు చెప్పను గాని, నేను మనసులో చక్రకేళి గారని పెట్టుకున్నాను. మా వైపు ఆ అరటిపండు ఎంత తియ్యగా ఉంటుందో ఆయన మాటా అంతే. తొక్క కూడా అంత పల్చన. మోచేతుల దగ్గర చిరుగు పడ్డ కోటు, దాని మీద గట్టిగా ఇస్త్రీ. నన్ను చూడగానే లేచి నిలబడి, "తవఁరు బందరు వారటగా అండీ. తవఁరున్నాక మేమెందుకండీ, ఊరికే చూసి పోదామని వచ్చాం" అన్నారు. ఎవరు ముందు చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు, "తవఁరు కానివ్వండి. నేను తవఁరి వెనకాలే" అన్నారు. పాపం భయపడుతున్నాడనుకుని జాలిపడ్డాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ జాలి చూసే నాకు జాలేస్తుంది.

మిల్లు ముంగిట్లో ధాన్యం ఆరబోసే గచ్చు మీద జనం కూర్చున్నారు. రైతులు, మిల్లు కూలీలు, బజారు వర్తకులు, ఏమీ తోచక వచ్చినవాళ్ళు, సన్నాయి మేళం. నల్లబల్లకని వడ్రంగి రెండు తలుపు రెక్కలు కలిపి, మసి, జిగురు కలిపి పూశాడు. అది పూర్తిగా ఆరలేదు. చాక్‌పీసు గీసినచోటల్లా పైన తెల్లగానూ, నా చొక్కా తగిలినచోటల్లా చొక్కా నల్లగానూ అవుతూ వచ్చాయి. కామందు గారు లేచి, జేబులోంచి కాయితం తీసి, సంఖ్యని ఒక్కో అంకే చదువుతుంటే గుమాస్తా బల్ల మీద వేశాడు. 1524157875019052116. చివర్న ఉన్న అంకెల్ని ఆయన విడిగా చదవలేదు. "రెండువేల... నూట... పదహారు!" అని, పెళ్ళిలో చదివింపులు చదివినట్టు గొంతెత్తి చదివారు. జనం చప్పట్లు కొట్టారు. వేదిక మీద ఏలూరు మేష్టారు ఉలిక్కిపడి, కళ్ళజోడు సర్దుకుని బల్లకేసి చూసి, తరవాత కామందు గారికేసి చూసి, పొడుం డబ్బీ తీశారు. ఆ ఉలికిపాటు నేను చూశాను. చూసి, నా తెలివికి ముందే భయపడుతున్నారనుకున్నాను.

ఇక్కడ నేను నోరు మూసుకుని లెక్క మొదలుపెట్టాల్సింది. కాని ఏడాదిపాటు అరుగు మీద ఎవరూ వినకపోయిన విద్య అంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. చాక్‌పీసు పైకెత్తి, "అధ్యక్షుల వారూ, పెద్దలారా! లెక్క మొదలుపెట్టకుండానే ఇది సంపూర్ణ వర్గమని చెప్పగలనండీ" అన్నాను. చివర ఆరు ఉందా, ఉంది. దాని ముందు బేసి అంకె ఉందా, ఒకటి ఉంది. అంకెలన్నీ కూడితే డెబ్భై, ఏడూ సున్నా కూడితే ఏడు. వర్గాలకి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. "అంతే కాదండీ, ఆఖర్న అధ్యక్షుల వారు చదివిన రెండువేల నూట పదహారు ఉంది చూశారూ, అదొక్కటే విడిగా నలభై ఆరుకి వర్గమండీ!" అన్నాను. (అది నిజమే. దానికీ దీనికీ సంబంధం లేదన్నదీ నిజమే.) జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని మరీ గట్టిగా చప్పట్లు కొట్టారు. కామందు గారు ముఖం చాటంత చేసుకుని, "చూశారా అండీ! జాతకం కలిసింది!" అన్నారు. చక్రకేళి గారు కూడా చప్పట్లు కొట్టారు, కాని ఆయన చూపు బల్ల మీదే ఉంది.

వర్గమూలం తియ్యడం మీలో చాలామంది చిన్నప్పుడు చేసి, మర్చిపోయి హాయిగా ఉండి ఉంటారు. కుడివైపు నుంచి అంకెల్ని జంటలుగా విడగొట్టి, ఎడమవైపు నుంచి ఒక్కో జంటనీ కిందికి దించుకుంటూ, ఒక్కో జంటకీ ఒక్కో అంకె చొప్పున జవాబు రాబట్టాలి. ఆఖరి జంట అయ్యేసరికి శేషం సున్నా వస్తే అది వర్గం. మొదటి జంటకి ఒకటి వచ్చింది. తరవాత రెండు. తరవాత మూడు. నాలుగు రాగానే జనంలో గుసగుస మొదలైంది. "ఇప్పుడు అయిదండీ!" అని మిల్లు తలుపు దగ్గర్నుంచి ఎవరో అరిచాడు. అయిదే వచ్చింది. అక్కణ్ణించి జనం నన్ను దాటి పోయారు. నేను చెమటలు కక్కుతూ హెచ్చవేతలు వేసి, తీసివేతలు వేసి, అంకె కనుక్కునే లోపల వాళ్ళు "ఆరు!" "ఏడు!" అని నాలుగు ఆమడలు ముందుండేవారు. నా అవసరం ఆ సభలో ఎవరికీ లేకుండా పోయింది. తొమ్మిదో జంట దించేటప్పటికి కింద అన్నీ రెళ్ళూ ఒకట్లే నిలబడ్డాయి, 2222222121. దానికి సరిగ్గా తొమ్మిది పట్టింది. తీసివేస్తే సున్నా. సన్నాయివాళ్ళు అందుకున్నారు. డోలు మోగింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా, నిటారుగా, బడిపిల్లల్లా నిలబడ్డ జవాబుని చూసి నా కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళలోంచే ఆఖరి జంట కనబడింది. ఇంకా దించుకోవలసిన పదహారు. దించాను. దానికి పట్టే అంకె సున్నా ఒక్కటే. సున్నా వేశాను. పదహారు అలాగే ఉండిపోయింది. ఇంకోసారి చూశాను, అక్కడే ఉంది. చొక్కా మోచేత్తో తుడిచి మళ్ళీ వేశాను, మళ్ళీ వచ్చింది. సన్నాయి ఆగింది.

"ఏవండీ అబ్బాయి గారూ, ఆగిపోయారేం?" అన్నారు కామందు గారు.

"పదహారు మిగిలిందండీ."

"మిగలనివ్వండి. శుభం."

"మిగిలితే ఇది వర్గం కాదండీ."

కామందు గారు నెమ్మదిగా ముందుకి వంగారు. గొంతు పెంచలేదు. మా వైపు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఇందాక తవఁరే కదండీ అవునన్నారు? పరీక్షలు పెట్టి మరీ అన్నారు."

"అవి కానివాటిని కాదని చెప్పే పరీక్షలండీ. అయినవాటిని అవునని చెప్పేవి కావు" అన్నాను. ఈ తేడా నాకు బందరులో శుభ్రంగా చెప్పారు. చక్కగా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మనిషికి తెలిసిన విషయం అవసరమైన సమయానికి గుర్తొస్తే ఇంక కావలసిందేముంది!

"అయితే తవఁరు చెప్పింది తప్పంటారా, నేనిచ్చిన సంఖ్య తప్పంటారా?"

ఇలాంటి ప్రశ్నకి లోకం తెలిసినవాడు మొదటిదే అంటాడు. నేను నిజాయితీగా ఆలోచించి, "రెండూనండీ" అన్నాను.

అప్పుడు లేచారు చక్రకేళి గారు. కోటు సర్దుకుని, వేదికకి ఒకటి, జనానికి ఒకటి, నాకు ప్రత్యేకంగా ఒకటి నమస్కారాలు పెట్టి, "క్షమించాలండీ, బందరు వారు దాదాపు ఒడ్డు చేర్చేశారండీ, ఆ పుణ్యమంతా వారిదే. ఆఖరి పిసరు నేను సర్దుతాను" అన్నారు. బల్ల దగ్గరికొచ్చి, నా సున్నాని చిటికెన వేలితో తుడిచేశారు. "పదహారు మిగిలింది. పదహారుకి మూలమెంతండీ?" అని జనాన్ని అడిగారు. "నాలుగు!" అన్నారు జనం. అదొక్కటీ వాళ్ళకి తెలుసు. ఆయన సున్నా ఉన్నచోట నాలుగు వేసి, శేషం పదహారుని కొట్టేశారు. జవాబు 1234567894. "ఒకటి నుంచి తొమ్మిది దాకా నవగ్రహాలండీ. ఆపైన నాలుగు వేదాలు. తవఁరి చేతి సంఖ్యలోంచి ఇంకోటెలా వస్తుందండీ?" అన్నారు కామందు గారికేసి తిరిగి. ఈసారీ సన్నాయివాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

నేను ఊరుకోలేదు. "ఆగండి, ఆగండి! చివర తొంభై నాలుగు ఉంటే దాని వర్గం ముప్ఫై ఆరుతో ముగుస్తుందండీ, పదహారుతో కాదు! తొంభై నాలుగుని తొంభై నాలుగుతో వేసి చూడండీ, ఎవరైనా వెయ్యండీ!" అని డోలు మోతకి మించి అరిచాను. కామందు గారు చెయ్యెత్తి మేళాన్ని ఆపించారు. న్యాయం తెలిసిన మనిషి.

"చివర ఆరొచ్చిందా లేదా అండీ?"

"ఆరు వచ్చిందండీ, కాని దాని ముందు..."

"ఇక్కడా ఆరే ఉందా లేదా?"

"ఉందండీ."

"మరింకేవిటండీ తవఁరి బాధ?"

అంతటితో నా ఉద్యోగ ప్రయత్నం ముగిసింది. చక్రకేళి గారి మెళ్ళో దండ పడింది. నాకూ ఒక దండ వేశారు, కొంచెం సన్నది. అవమానించడంలో కూడా మర్యాద తప్పరు మావాళ్ళు.

భోజనాల బంతిలో నా పక్కన ఏలూరు మేష్టారు కూర్చున్నారు. పులిహోర కలుపుకుంటూ, విస్తట్లోంచి తలెత్తకుండా, "నాయనా, నేనిచ్చింది చివర రెండు సున్నాలతో. ఒకటి నుంచి తొమ్మిది వరసగా వేసి, ఆఖర్న సున్నా పెట్టి, దాన్ని దానితోనే హెచ్చవేసి ఇచ్చాను. సంపూర్ణ వర్గమే" అన్నారు. బడి ప్రారంభించే శుభసందర్భంలో రెండు సున్నాలు చదవడం అరిష్టమని, వందలో ముగుస్తున్నదాన్ని నూట పదహారు చేశారట కామందు గారు. పదహారు చేర్చితే జవాబు కూడా దానంతట అదే శుభంగా సర్దుకుంటుందని ఆయన నమ్మకం. "మరి వేదిక మీదే ఉన్నారుగా అండీ, చెప్పారు కారేం?" అన్నాను. మేష్టారు మజ్జిగ పోయించుకుని, "అప్పటికింకా శాలువా కప్పలేదు గదా నాయనా" అన్నారు. మరి కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ సంఖ్యని నాలుగుతో భాగిస్తే బేసి సంఖ్య వస్తుంది. దాన్ని ఎనిమిదితో భాగించి చూడాల్సింది. బేసి వర్గమైతే ఒకటి మిగలాలి, దీనికి అయిదు మిగులుతుంది. ఆ పరీక్ష నీకు తెలీదా?" అని అడిగారు. తెలీదండీ అన్నాను. అప్పటిదాకా నామీద ఉన్న జాలి కూడా ఆయన ముఖంలోంచి పోయింది.

ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పాను. ఆయన అంతా విన్నారు. "ఇంతకీ ఏమైందంటావు?" అన్నారు. "పదహారు మిగిలిందండీ" అన్నాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ, "మిగిలితే మంచిదే కదరా. ఈ ఏడు మనకేం మిగల్లేదు" అన్నారు. మర్నాడు నన్ను దోనెలో కూర్చోబెట్టి కొల్లేటికి తీసుకెళ్ళారు. దోనె నడిపే మనిషికి ఈ కథ నాకంటే ముందే చేరిపోయింది. గూడెం సంతలో విన్నాడట. గెడ వేస్తూ, "పదహారు గారూ, అటుపక్క వంగకండీ, ఒరుగుతాది" అన్నాడు. ఆ దాళ్వా అంతా నా పేరు అదే. జలగల సంగతి మాత్రం రాయను. వాటికి నా కాళ్ళు బాగా నచ్చాయన్నది చాలు. రెండేళ్ళ తరవాత ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ దొరికి బయటపడ్డాను. అక్కడ నన్ను ఎవరూ ఎప్పుడూ మేష్టారూ అని పిలవలేదు.

కాని ఆ గుమాస్తాగిరీ చేసినన్నాళ్ళూ నాకొక ఊరట ఉండేది. ఆఫీసరు చివాట్లు పెట్టినప్పుడు, ప్రమోషను తప్పిపోయినప్పుడు, కుర్చీలో వెనక్కి వాలి ఆ మిల్లు ముంగిలి తల్చుకునేవాణ్ణి. అంతమంది జనంలో లెక్క తెలిసి నిజం పలికినవాణ్ణి నేనొక్కణ్ణే కదా. ఏలూరు మేష్టారికి తెలుసు, పలకలేదు. కామందు గారికి తెలీదు. చక్రకేళి గారికి అసలే తెలీదు. అలాంటివాడి చేతిలో పడ్డ తాడేపల్లిగూడెం పిల్లలు ఏమైపోతున్నారో అని, నిజంగానే, రాత్రిళ్ళు పక్కమీద బాధపడేవాణ్ణి. ఆ బాధలో ఎంత సుఖం ఉండేదో చెప్పలేను.

జుట్టు నెరిశాక ఒకసారి ఏదో పనిమీద గూడెం వెళ్ళి, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే, "తవఁరు బందరు వారు కదండీ?" అన్న గొంతు వినబడింది. చక్రకేళి గారే. చిక్కిపోయారు, కోటు మాత్రం మంచిది. హెడ్మాస్టరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యారట. కాఫీ ఇప్పించారు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గ్లాసు కింద పెట్టి, "ఒక మాట అడగనాండీ? ఆ రోజు తొంభై నాలుగుని తొంభై నాలుగుతో వేసి చూడమని అరిచారు చూడండి, నాకు పై ప్రాణాలు పైనే పోయాయండీ. ఎవడైనా వేసి చూస్తాడేమోనని" అన్నారు.

"అంటే మీకు తెలుసా?"

"నాదీ లెక్కల బి.ఏ.యే కదండీ." ఆయన నవ్వలేదు. "తవఁరికి కొల్లేట్లో పొలం ఉందని విన్నాను. మా ఇంట్లో నాన్న పోయి, ముగ్గురు తమ్ముళ్ళు, పొయ్యి వెలిగి రెండు రోజులు. ఆ నాలుగు తప్పని తెలిసే వేశానండీ."

నేను పిల్లల సంగతి అడిగాను. ఇన్నేళ్ళూ వాళ్ళకి ఏం నేర్పారని.

"బడి తెరిచిన మొదటి గంటలోనే ఆ సంఖ్య బోర్డు మీద వేశానండీ. దగ్గరుండి చేయించాను. పదహారు మిగిలింది. ఇలా మిగిలితే వర్గం కాదర్రా, ఎంత పెద్దలు చెప్పినా కాదు అన్నాను. ఏటా కొత్త క్లాసుకి మొదటి లెక్క అదే."

"కామందు గారికి తెలిస్తే?"

"తెలిసింది. ఆయన మనవడు ఆ క్లాసులోనే ఉన్నాడు, ఇంటికెళ్ళి చెప్పేశాడు. నేను పెట్టె సర్దుకుని కూర్చున్నానండీ. ఆయనేమన్నారో తెలుసా అండీ? 'బళ్ళో అలాగే చెప్పాలిరా. సభలో వేరు' అన్నారట."

నా రైలు వచ్చింది. ఆయన నా సంచీ అందించి, కిటికీ దగ్గర నిలబడి, కదిలేదాకా నమస్కారం పెడుతూనే ఉన్నారు. ఏలూరు చేరేవరకూ నాకు ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది. జేబులు కూడా తడుముకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విని, "అందరికీ తెలిసిన మాటే గట్టిగా చెప్పారన్నమాట. దానికి ఉద్యోగం ఎవరిస్తారండీ?" అంది.

ఆవిడన్నది నిజమే. అయినా అప్పుడప్పుడు, ఆఫీసు లేని ఈ తీరిక రోజుల్లో, మసి అంటిన చొక్కాతో, డోలు మోతలో నోరు పెద్దది చేసుకుని "వేసి చూడండీ, ఎవరైనా వెయ్యండీ" అని అరుస్తున్న ఆ కుర్రాడు కళ్ళకి కడతాడు. ఒక్కడు లేచి వేసి చూస్తే చాలు, తాడేపల్లిగూడెం అంతా తనకి దణ్ణం పెడుతుందని వాడి నమ్మకం. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త కాఫీ ఇప్పించి, "ఊరుకోండి మేష్టారూ" అనాలనిపిస్తుంది.